దశాంశములు: వాని చరిత్రము, బాలబోధ

గణితమున వాడుకలో నున్న గుర్తులలో చుక్కకంటె చిన్నది లేదు. అయినను ఆ చుక్క యొక స్థానము కుడికి జరిగినచో సంఖ్య పదింత లగును. ఎడమకు జరిగినచో పదియవ వంతు మాత్రమే మిగులును. పసిబిడ్డకు అర మిల్లీలీటరు మందు వ్రాయవలసినచోట ముందు సున్న లేకుండ .5 అని వ్రాసిరనుకొందము. చుక్క మాసిపోయి దానిని 5 అని చదివినచో, బిడ్డ గొంతులో పదింతల మందు పడును. అందువలననే ఒకటికంటె తక్కువ మోతాదునకు చుక్క ముందు సున్న తప్పక వ్రాయవలెననియు, పూర్ణసంఖ్యకు వెనుక చుక్కయు సున్నయు నుంచరాదనియు వైద్యవృత్తివారు నియమము చేసికొనిరి. మందుసీసాను చేతబట్టునది పండితుడు కాదు, తల్లి. కావున దశాంశము పాఠశాల నాలుగు గోడల నడుమ మిగిలిపోవలసిన విద్య కాదు, అది గృహవిద్య.

కొంతకాలము క్రిందట మా బంధువుల యింట అయిదవ తరగతి చదువుచున్న యొక బాలికను, "అమ్మాయీ, 0.4 పెద్దదా, 0.35 పెద్దదా?" యని యడిగితిని. ఆమె తడుముకొనక, "ముప్ఫయ్యైదే పెద్దది తాతయ్యా, నాలుగు చిన్నది గదా!" యనెను. ఆ బాలిక మందబుద్ధి కాదు. దశాంశముల కూడికలలో ఆమెకు నిండుగా మార్కులు వచ్చినవి. చుక్క క్రింద చుక్క నుంచి కూడుట నేర్చినది. చుక్క కావల నున్న అంకె యేమి చెప్పుచున్నదో మాత్ర మామె కెవ్వరును చూపలేదు. ఈ పొరపాటు ఆమె యొక్కతెదియే కాదు. దేశదేశముల బాలురును దీనిని చేయుచునే యున్నారు. ఇందులకు వారిని కోపించుట తగదు. ఒకటికి కుడివైపున అడుగు పెట్టుటకు మానవజాతికే యెన్ని శతాబ్దములు పట్టినదో తెలిసికొన్నచో, ఆ పసిదాని తడబాటు మనకు నవ్వు పుట్టింపదు.

స్థానమును బట్టి విలువ మాఱు పదింతల లెక్క భారతదేశమున వికసించి లోకమంతట వ్యాపించినది. ఆర్యభటుడు 499వ సంవత్సరమునాటికే స్థానమునుండి స్థానమునకు పదింతలు పెరుగు వరుసను చెప్పియుండెను. బ్రహ్మగుప్తుడు 628లో సున్నతో చేయు లెక్కలకు నియమము లేర్పరచెను. ఒకట్లు, పదులు, నూఱులు, వేలు అని యెడమవైపునకు ఎంత దూరమైనను నడువగలిగిన ఆ మహనీయులు, అదే మెట్లవరుసను కుడివైపునకు దించి, పదియవ వంతు, నూఱవ వంతు అని వ్రాయలేదు. భిన్నమును వ్రాయవలసినపుడు లవమును పైనను, హారమును క్రిందను నుంచి తృప్తిపడిరి.

మన తెలుగునాట లెక్కలు వ్రాయువారు వేఱొక మార్గమున నడచిరి. కాలు, అర, ముక్కాలు అనువానిని నిలువుగీతలతోను, వీసమును దాని పైవానిని అడ్డగీతలతోను గుర్తించుచుండిరి. కాలనగా నాలుగవ వంతు; వీసమనగా ఆ కాలులో మరల కాలు, అనగా పదునాఱవ వంతు. ఇట్లు ప్రతి మెట్టునను నాలుగవ వంతుగా దిగుచు, ఒక మెట్టునకు నిలువుగీత, తరువాతి మెట్టునకు అడ్డగీత వాడుట వారి పద్ధతి. ఇదియును స్థానమును బట్టి నడచు లెక్కయే. పదికి బదులు నాలుగు ఆధారముగా గలది. దీనికి కారణము సులభముగనే తెలియును. బెల్లపుదిమ్మను సగము చేయవచ్చును. ఆ సగమును మరల సగము చేయవచ్చును. పది సమభాగములు చేయుట చేతిపనికి కష్టము. రూపాయకు పదునాఱణాలను లెక్కయు ఈ సగముల మార్గముననే కుదిరినది. వీధిబడిలో ఇసుకపై వ్రేలితో దిద్దుచు, ఎక్కములు వల్లెవేయుచు పెరిగిన బాలుడు సంతకు పోయి పావలాను, బేడను చేతబట్టగనే, నోటికి వచ్చిన వల్లెకు అర్థము చేతికి వచ్చెడిది. "పదహారణాల తెలుగువా"డని మనము నేటికిని అనుచుండుట ఆనాటి చేతిలెక్క మన నాలుకపై విడిచిన గుర్తు.

ఒకటికి కుడివైపున పదియవ వంతుల నుంచి వ్రాయుట మనకు తెలిసినంతలో మొదట కనబడునది దమాస్కసు నగరమున. అబుల్ హసన్ అల్ ఉక్లీదిసీ యను గణకుడు సుమారు 952లో హిందూగణితమును గూర్చి అరబ్బీభాషలో నొక గ్రంథము వ్రాసెను. అంతవరకు లెక్కలు ధూళి పరచిన పలకపై వ్రాసి, చెరిపి, మరల వ్రాయుట వాడుకగా నుండెను. అతడు కాగితముపై సిరాతో, చెరుపకుండ చేయు రీతిని బోధించెను. ఆ గ్రంథమున పందొమ్మిదిని అయిదుమార్లు సగము చేసి చూపెను. తొమ్మిదిన్నర, దానిలో సగము, దానిలో సగము అనుచు పోయి తుదకు మన లెక్కలో 0.59375 వఱకు దిగెను. ఒకట్ల స్థానముపై చిన్న గుర్తు నుంచి పూర్ణసంఖ్యను భాగమునుండి వేఱుపఱచెను. తరువాత నాలుగైదు శతాబ్దములకు సమర్ఖందున జంషీద్ అల్ కాషీ 1424లో వృత్తపరిధికి వ్యాసముతో గల నిష్పత్తిని పదునాఱు దశాంశస్థానముల వఱకు గణించి, 1427లో ముగించిన గణితగ్రంథమున దశాంశభిన్నములను శాస్త్రీయముగ వివరించెను. అయినను ఈ విద్య జ్యోతిర్గణకుల గది దాటి అంగడికి రాలేదు.

దానిని అంగడికి దెచ్చినవాడు సైమన్ స్టెవిన్. ఇతడు 1548లో బ్రూజెస్ నగరమున పుట్టెను. 1585లో లైడెను పట్టణమున "డి థీండె", అనగా "పదియవ వంతు" అను చిన్నపొత్తమును ప్రకటించెను. ఆ కాలమున పండితులకు లాటినుభాష యెట్టిదో మనకు సంస్కృత మట్టిది. శాస్త్రమన్నచో లాటినులోనే యుండవలెనను అభిమానము ప్రబలముగ నుండెను. స్టెవి నట్లు చేయక, తన దేశప్రజలు మాటలాడు డచ్చిభాషలోనే వ్రాసెను. ఆ యేడే ఫ్రెంచిలోను అది వెలువడినది. గ్రంథారంభమున నతడు ఎవరికి నమస్కరించెనో చూడుడు: నక్షత్రగణకులకు, భూమి కొలుచువారికి, చిత్రకంబళములు కొలుచువారికి, పీపాలలో ద్రాక్షసారాయము కొలుచువారికి, టంకశాలాధికారులకు, వర్తకుల కందఱకును. భిన్నముల బాధ లేకుండ, పూర్ణసంఖ్యలవలెనే సమస్త వ్యవహారమును నడుపవచ్చునని వారికి చెప్పెను. నాణెములును తూనికలును కొలతలును పదింతల క్రమముననే యుండవలెననియు నతడు కోరెను. అతని గుర్తులు నేటివి కావు. ప్రతి అంకె ప్రక్కను సున్న చుట్టి, అందులో ఒకటి, రెండు, మూడు అని మెట్టు సంఖ్యను వ్రాసెడివాడు. స్కాట్లండు దేశస్థుడగు జాన్ నేపియరు 1617లో ముద్రించిన గ్రంథమున చుక్కయో కామాయో చాలునని చూపెను. యూరపుఖండమున పెక్కుదేశములు కామాను వాడుచున్నవి; ఇంగ్లీషువారు చుక్కను నిలుపుకొనిరి; వారి చదువుతో చుక్కయే మనకు వచ్చినది.

పొత్తము వెలువడినంతమాత్రమున జనులు మాఱరు. శాసనము వెలువడినను మాఱరు. దీనికి ఫ్రాన్సుదేశమే సాక్షి. విప్లవకాలమున ఆ దేశపు పాలకులు పగలును రాత్రియు కలిసి పది గంటలనియు, గంటకు నూఱు నిమిషములనియు 1793లో శాసించిరి. ప్రజ లాదరింపనందున 1795లో దానిని విడిచిరి. ఆ 1795లోనే మీటరు, లీటరు మొదలగు దశాంశపు కొలతలను శాసించిరి. సంతలలో జనులు పాతకొలతలనే వాడుచుండిరి. తుదకు నెపోలియను 1812లో దిగివచ్చి, పాతపేరుల కొలతలను మరల వాడుకలోనికి రానిచ్చెను. అంతటితో దశాంశపు కొలతల పని ముగిసినదని చాలమంది యనుకొనియుందురు. కాని 1833లో ప్రాథమిక విద్యను గూర్చి చేసిన శాసనమున, చదువు, వ్రాత, లెక్కలతోపాటు తూనికకొలతల శాసనసమ్మతపద్ధతియు బాలురకు నేర్పవలెనని వ్రాసిరి. 1837లో మరల శాసనము చేసి, 1840 జనవరి 1 మొదలు మీటరు పద్ధతి తప్ప మఱొకటి చెల్లదనిరి. ఈమాఱు అది నిలిచినది. మొదట శాసనము ముందు నడచి ఓడినది. పిదప పాఠశాల దానికి తోడై నిలిచినది. సంస్కరణమును కోరువారెల్లరును జ్ఞాపకముంచుకొనదగిన పాఠమిది.

మనదేశమున నీ మార్పు స్వాతంత్ర్యానంతరము వచ్చినది. 1955లో చేసిన నాణెముల శాసనము 1957 ఏప్రిలు 1వ తేదీన అమలులోనికి వచ్చెను. అంతకుముందు రూపాయకు పదునా ఱణాలు, అణాకు నాలుగు పైసలు, పైసకు మూడు పైలు. అనగా రూపాయకు 192 పైలు. మూడు వేఱు వేఱు మెట్లు, మెట్టుమెట్టునకు వేఱు ఎత్తు. ఆనాటినుండి రూపాయకు నూఱు నయాపైసలైనవి. కొన్నినాళ్లు పాతవియు క్రొత్తవియు కలిసి చెల్లినవి. అణా ఆఱేకాలు నయాపైసలు గావున ఒక అణాకు 6, బేడకు 12, మూడణాలకు 19, పావలాకు 25 అని పట్టిక వేసిరి. ఎనిమిది బేడలు కలిసిన రూపాయ యగునని పుట్టినది మొదలు ఎఱిగినవారికి, బేడకు పండ్రెండు చొప్పున ఎనిమిది పండ్రెండులు తొంబదియాఱే యని తెలిసినపుడు కలిగిన చికాకు చిన్నది కాదు. ఆ నాలుగు నయాపైసలు ఎచటికి పోయినవి? ఈ ప్రశ్న వేసినవా డప్పుడే దశాంశములలో మొదటిపాఠము నేర్చినాడు. 1956లో చేసిన మఱొక శాసనముచేత తూనికలు కొలతలును 1958 మొదలు క్రమక్రమముగ పదింతల క్రమమునకు మాఱినవి. 1964 జూను 1 నుండి "నయా" యను మాట పోయి పైస మిగిలినది.

ఆ నాణెములను చూచినవారికి వాని రూపములు గుర్తుండును. ఒక నయాపైస గుండ్రని కంచునాణెము, అయిదు చతురస్రము, రెండును పదియు అంచులు పూరేకులవలె నుండెడివి. కన్నులు మూసికొని వ్రేళ్లతో తడిమినను వాని భేదము తెలియును. చేతిలో పదిపైసల నాణె మున్నంతకాలము పదియవ వంతు కంటికి కనబడెడిది. ఒక పైస యున్నంతకాలము నూఱవ వంతు అఱచేత నిలిచెడిది. పది యొంటిపైసల నిచ్చి పదిపైసల నాణెము పుచ్చుకొను పిల్లవాడు, నూఱవ వంతులు పది కూడినచో పదియవ వంతు ఒకటి యగునని పాఠశాలకు పోకమునుపే యెఱుగును. ఒక తరమునకంతయు దశాంశములను నేర్పిన గురువు ఆ చిల్లరయే.

నే డా గురువు లేడు. ఇరువదియైదు పైసలును అంతకు తక్కువైన నాణెములును 2011 జూను 30తో చెల్లకుండ పోయినవి. ఏబదిపైసలు శాసనము ననుసరించి చెల్లునదే యైనను చేతులు మాఱుట కానరాదు. నేటి బాలునకు పైస యనునది పెట్రోలు పోయుచోట అంకెల పలకపైనను, ఫోను తెరపైనను కదలు అంకె మాత్రమే. నూఱవ వంతును తాకని బిడ్డకు 0.35 వ్రాసి చూపి, ముప్పదియైదు నూఱవవంతులని చెప్పమనుచున్నాము. చేతిలోని వస్తువు పోయినది. పొత్తములోని గుర్తు మిగిలినది. కావున ఆ వస్తువును మరల చేతికిచ్చు భారము ఉపాధ్యాయునిపైనను తల్లిదండ్రులపైనను పడినది. తరగతిలో ఆటలు కాలక్షేపమునకని తలచువారున్నారు. దశాంశముల విషయమున ఆట కాలక్షేపము కాదు. పోయిన నాణెమునకు బదులు.

ఈ మార్గమును పెద్దలు చూపియేయున్నారు. మరియా మాంటిసోరీ అమ్మగారు ఒక పూసను ఒకటిగాను, పదిపూసల కడ్డీని పదిగాను, అట్టి పదికడ్డీల చదరమును నూఱుగాను, పది చదరముల ఘనమును వేయిగాను బిడ్డల చేతికిచ్చిరి. ఆమె 1939లో చెన్నపట్టణమునొద్ద అడయారునకు వచ్చి, యుద్ధకాలమంతయు ఈ దేశముననే యుండి ఉపాధ్యాయులకు శిక్షణమిచ్చిరి. ఆ సామగ్రినే తలక్రిందు చేయవచ్చును. "నేడు చదరమే ఒకటి" యని చెప్పినచో, కడ్డీ పదియవ వంతు, పూస నూఱవ వంతు అగును. పూసలు కొను శక్తి లేని యింట నేమి చేయవలెను? తెలుగువారి యింటిముందు వాకిలి కలదు, ముగ్గు కలదు.

పది వరుసలు, వరుసకు పది చుక్కలుగ ముగ్గు చుక్కలు పెట్టవలెను. చుక్కలన్నియు కలిసి ఒకటి. ఒక వరుస 0.1, ఒక చుక్క 0.01. ఇప్పుడు పది గవ్వలు తీసికొని బాలు రిద్దఱు, ఒక్కొక్కరు ఒక్కొక్క ముగ్గు ముందు కూర్చుండి, వంతువంతుగా వేయుదురు. వెల్లకిల పడిన గవ్వ లెన్నియో అన్ని చుక్కలపై రంగుపొడి వేయవలెను. పది చుక్కలు నిండగనే వరుసచుట్టును గీత గీయవలెను. ప్రతి వేటునకును తన మొత్తమును పలకపై వ్రాయవలెను: 0.06, తరువాత 0.11, తరువాత 0.15. ఎవని ముగ్గు ముందు నిండునో వాడు గెలిచినవాడు. నూఱవ వంతులు పదియవ వంతుగ మాఱుట ఆ గీతలో కనబడును. 0.09 తరువాత 0.10 వచ్చుననియు, 0.010 రాదనియు బాలుడు తానే తెలిసికొనును.

రెండవది త్రాటి యాట. రెండు స్తంభముల నడుమ మీటరు త్రాడు కట్టి, ఒక కొనను 0, రెండవ కొనను 1 అని గుర్తింపవలెను. 0.5, 0.35, 0.4, 0.09 అని వ్రాసిన చీటీలను బాలురకు పంచి, తగినచోట తగిలింపుడనవలెను. తగవు తప్పక వచ్చును, రావలెను. తీర్పు చెప్పుటకు గురువు తొందరపడరాదు. సెంటీమీటరుల టేపు తెచ్చి కొలువుడనిన చాలును. నూఱు సెంటీమీటరులలో ముప్పదియైదవది ఎచటనో నలువదియవది ఎచటనో త్రాడే చెప్పును. పిదప "0.3కును 0.4కును నడుమ నేమైన నున్నదా?" యని యడుగవలెను. ఏమియు లేదనువారు మొదట ననేకులు. 0.31 మొదలు 0.39 వఱకు తగిలించిన పిమ్మట, "0.31కిని 0.32కిని నడుమనో?" యని యెవడో ఒక బాలుడు తానే యడుగును. ఆ ప్రశ్న వచ్చిననాడు గురువు ధన్యుడు.

మూడవది నిలుచు ఆట. నేలపై సుద్దతో పదులు, ఒకట్లు, పదియవ వంతులు, నూఱవ వంతులు అని నాలుగు గళ్లు గీచి, ఒకట్లకును పదియవ వంతులకును నడుమ పెద్దచుక్క వేయవలెను. అంకెల పలకలు పట్టుకొని బాలురు గళ్లలో నిలుతురు. "పదింతలు!" అనగనే చూచువారి యెడమకు ఒక్కొక్క గడి జరుగుదురు, "పదియవ వంతు!" అనగనే కుడికి జరుగుదురు. ఖాళీయైన గడిలోనికి సున్నపలకవాడు పరుగెత్తవలెను. మొదట చెప్పినట్లు కాగితముపై చుక్క జరిగినట్లు తోచును. ఈ యాటలో మాత్రము చుక్క నేలపై కదలక యుండును, అంకెలే తమ విలువను మార్చుకొనుచు నడచును. ఉన్న నిజ మిదియే.

అంగడి యాట అందఱకును తెలిసినదే. దానిలో నొక జాగ్రత్త కావలెను. 2.5 రూపాయలన్నచో రెండు రూపాయల అయిదు పైసలని పిల్లలు చదువుదురు. రూపాయ యొకటి, పైస వేఱొకటి, చుక్క వాని నడుమ గోడ యని వారి తలపు. కావున కాగితపు నాణెములు చేయునపుడు పదిపైసల నాణెమును మఱవక చేయవలెను, 2.5 చెల్లించుటకు రెండు రూపాయలును అయిదు పదిపైసలును పెట్టుమనవలెను. బియ్యము, పప్పు తూచునపుడు 1.25 కిలోగ్రాములును 1.250 కిలోగ్రాములును ఒకటియేనా యని యడుగవలెను.

తుదకు వేషధారి చుక్కలను పట్టుకొను ఆట. క్రికెట్టులో 4.3 ఓవరు లన్నచో నాలుగు ఓవరుల మూడు బంతులు. ఓవరునకు ఆఱు బంతులు గావున నిజముగ అది నాలుగున్నర. గడియారపు 2.30 రెండున్నర గంటలే గాని రెండును పదియవ వంతులు మూడును కాదు. ఈ చుక్కలు దశాంశబిందువు వేషము వేసినవి. జ్వరమానిపై 98.6 మాత్రము నిజమైన దశాంశము. వారమునకొకమాఱు పిల్లలు ఇంటను, వీధిలోను చూచిన చుక్కలను తెచ్చి, నిజమైనదో వేషధారియో వాదించి తేల్చుకొనినచో, లెక్కతోపాటు వివేకమును అలవడును.

ఆట ముగియగనే లేచిపోరాదు. ఆట పిదప మాట కావలెను. ఏమి చూచితివి, ఎందువలన నట్లయినది, పలకపై దానిని ఎట్లు వ్రాయుదువు అని మూడు ప్రశ్న లడుగని యాట వట్టి సందడి. పూర్వపు వీధిబడిలో వల్లెయే గాని ప్రశ్న లేదని మనము నిందించితిమి. ప్రశ్న లేని ఆటయు అట్టిదే.

మా బంధువుల బాలిక మాట చెప్పవలెను. ఆనాటి సాయంకాలము వాకిట నూఱు చుక్కలు పెట్టించి, "0.35 నీవు చుట్టుము, 0.4 నేను చుట్టెద"నంటిని. ఆమె మూడు వరుసలును అయిదు చుక్కలును చుట్టి, నా నాలుగు వరుసలవైపు చూచి కొంతసేపు మాటలాడలేదు. పిమ్మట, "అయితే తాతయ్యా, నాలుగు పక్కన సున్న పెట్టినా ఇదే నాలుగు వరుసలా?" యని యడిగినది. ఔనంటిని. "మరి నాలుగుకు ముందు సున్న పెడితే?" యని తానే యడిగి, నే నుత్తర మీయకమునుపే నాలుగు చుక్కలు మాత్రము చుట్టి చూపినది. ఆ బాలిక తల్లి గడపలో నిలిచి ఇదంతయు చూచుచుండెను. "మాకు చదువుకొనేరోజుల్లో ఇట్లా ఎవరూ చూపలేదండీ" యని ఆమెయు వచ్చి ముగ్గుముందు కూర్చుండెను.

స్టెవిను తన చిన్నపొత్తమును కంబళములు కొలుచువారికిని వర్తకులకును అంకితము చేసి నాలుగు శతాబ్దములు దాటినవి. మందు కొలుచు తల్లులకును, తూకపుపలక చదువు గృహిణులకును, వారి బిడ్డలకును దానిని మరల అంకితము చేయుట మన పని. దానికి కావలసినది ధనము కాదు. ఒక వాకిలి, గుప్పెడు ముగ్గు, పిల్లల ప్రశ్నకు తొందరపడి బదులు చెప్పని ఓర్పు.